మూడు వాక్యాల మావయ్య

ఆ కోల్డ్ స్టోరేజీలో మైకు ముందు కూర్చునే పెద్దమనిషిని అందరూ మైకు మావయ్య అనేవారు. మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, వాడకం లేక అదెక్కడో తుప్పు పట్టిపోయింది.

చేపలు, పళ్లు, మాంసం కొండల్లా పేర్చి దాచే పెద్ద గిడ్డంగి అది. లోపలికి వెళ్లి వచ్చినవాడి మీసాలు ముసలివైపోయి వచ్చేవి, అంత మంచు. ఆ చలి ఊరికే రాదు. లావుపాటి గొట్టాల్లో అమ్మోనియా అనే గ్యాసు నిద్రాహారాలు మాని తిరుగుతుంటే వస్తుంది. గొట్టంలో ఉన్నంతసేపూ అది బుద్ధిమంతురాలే. బయటపడిందంటే మాత్రం కళ్లల్లో కారం కొట్టినట్టు, గొంతులో నిప్పులు పోసినట్టు ఉంటుంది. ఎక్కువ పీల్చినవాడు మళ్లీ లేవడు. అందుకే ఆవరణ మధ్యలో ఒక గాజు గది కట్టి, అందులో మైకు పెట్టి, గది నెత్తిన గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డసంచి ఒకటి ఎగరేశారు. ఆవరణకు గేట్లు రెండు, రోడ్డు గేటు, కాలువ గేటు. గ్యాసు లీకైతే మావయ్య తలెత్తి ఆ సంచి చూసుకుని, గాలి ఎటునుంచి వస్తోందో అటువైపు గేటుకు పొమ్మని జనానికి చెప్పాలి. ఉద్యోగమల్లా అంతే.

అంతే చెప్పి ఊరుకుంటే ఆయన మైకు మావయ్య ఎందుకవుతాడు?

దారికి అడ్డంగా నిలిపిన లారీని తియ్యమని చెప్పాల్సివస్తే, ఆయన ఆ లారీ హారను గొంతు దగ్గర ఎత్తుకునేవాడు. సరిగ్గా అలాంటి గొంతే ఉన్న తన మేనమామ మీదికి వెళ్లేవాడు. ఆ మేనమామ పెళ్లిలో వంటవాడు అలిగి చెట్టెక్కితే, వాణ్ని దింపడానికి ఎక్కినవాళ్లందరికీ పైన వాడు వడ్డించిన సంగతి చెప్పేవాడు. ఆ చెట్టు దిగి, ఊరు దాటి, చుట్టాలందరినీ పలకరించి, చివరికి "ఇంతకీ ఆ లారీ తియ్యండి నాయనా" అనేవాడు. అప్పటికి లారీవాడు సరుకు ఎత్తించుకుని, దించుకుని, ఇంటి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఉండేవాడు.

జనం కూడా దానికి అలవాటు పడిపోయారు. మైకు గరగరమంటే చాలు, మోసేవాడు బరువు దించేవాడు, నడిచేవాడు గోడకు ఆనుకునేవాడు. క్యాంటీన్ నడిపేది మావయ్య భార్యే. అందరికీ అత్తయ్య. లౌడ్‌స్పీకరులో మొగుడి గొంతు వినపడగానే ఆవిడ టీకి నీళ్లు పడేసేది. ఆయన కథ, ఈవిడ టీ ఒకేసారి పొంగేవి.

క్రితం వానాకాలంలో ఒక వాల్వు కాస్త కారింది. మావయ్య మైకందుకుని, ఆ వాల్వు ఏ ఎడ్లబండిలో వచ్చిందో, ఎద్దుల్లో దేనికి నత్తి ఉండేదో చెప్పడం మొదలుపెట్టాడు. గేటు పేరు ఇంకా దూరాన ఉండగానే ఇద్దరు కూలీలు కథ వింటూ వింటూ గ్యాసులోకే నడిచారు. ప్రాణం పోలేదు గాని, చాలా రోజులు కళ్లు టమాటాల్లా ఉబ్బి, సొంత పెళ్లాలను గొంతు బట్టి గుర్తుపట్టాల్సివచ్చింది.

దాంతో యాజమాన్యం సేఫ్టీ ఆఫీసరును వేసింది. ఆవిడ ఏ దూరాన్నుంచో రాలేదు. మావయ్య ఇంట్లో పక్క గదిలోంచే వచ్చింది. ఆయన కోడలే. వేరే ఫ్యాక్టరీలో అదే పని చేసేది, ఇక్కడ ఖాళీ పడితే ఇటు మారింది. ఆవిడ తండ్రి, అంటే మావయ్య వియ్యంకుడు, ఇదే గిడ్డంగిలో కంప్రెసర్ మేస్త్రీ. ఆయన్ని జనం ముక్తసరి మేస్త్రీ అనేవారు. నోట్లోంచి మాట రావాలంటే ఆయనకు సొంత పన్ను పీకించుకున్నంత కష్టం. పెళ్లి మాటలకు కూర్చున్నప్పుడు పిల్లాడి తరఫు మాటలు, పిల్ల తరఫు మాటలు కూడా మైకు మావయ్యే మాట్లాడి, తనతో తనే బేరమాడుకుని, తనకు తనే తగ్గి సంబంధం ఖాయం చేసుకున్నాడు. ఆ పొద్దంతా మేస్త్రీ అన్నది ఒక్కటే మాట, "సరే."

ఒకనాటి సాయంత్రం భోజనాల దగ్గర కోడలు ఒక చిన్న అట్టముక్క తెచ్చి మావగారి పళ్లెం పక్కన పెట్టింది. దానిమీద పెద్ద అక్షరాలతో, ఏమైంది, ఎక్కడ, ఏ గేటు, అని రాసి ఉంది.

"మావయ్యగారూ, ఇంట్లో మీరెంత చెప్పినా వింటాను" అంది. "మైకులో మాత్రం మూడే వాక్యాలు. ప్రమాదం తీరిందని నేను చెప్పేదాకా నాలుగోది రాకూడదు."

"ఎవరైనా వచ్చి పలకరిస్తే?"

"మళ్లీ ఆ మూడే చెప్పండి."

"నాకేదైనా చెప్పాలనిపిస్తే?"

"అనిపిస్తుంది. చెప్పకండి."

ఆయన ముద్ద పట్టుకుని, కుదరకపోతే ఏమవుతుందని అడిగాడు. కోడలు పళ్లెం వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. త్వరలో తనిఖీ అధికారి వస్తున్నాడు, చెప్పాపెట్టకుండా ఉత్తుత్తి ప్రమాదంతో డ్రిల్ జరుగుతుంది. ఆ రోజు గనక మావయ్య మూడు దాటితే మైకు తన తండ్రికి ఇచ్చేయాలని మేనేజరు ముందే తేల్చేశాడు. మావయ్యను లోపల చేపల గదిలో పెట్టెలు చూసుకునే పనికి వేస్తారు.

మావయ్య ముద్ద తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. చేపల గది ఆయనకు తెలుసు. వరసల వరసల చేపలు గడ్డకట్టి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అన్ని నోళ్లున్నా ఒక్కటీ "ఊఁ" కొట్టదు.

అది మొదలు ఆయన సాధన చేశాడు. డ్రిల్ సంగతి బయటికి పొక్కకూడదని కోడలు ఒట్టు వేయించుకుంది కనుక భార్యకు కూడా చెప్పలేదు. స్నానాల గదిలో దూరి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మూడు వాక్యాలు అనేవాడు. మూడోది అయ్యాక నాలుగోది గొంతులో ఎలుకలా అటూ ఇటూ పరుగెత్తేది. దాన్ని మింగడానికి చెంబుడు నీళ్లు తాగేవాడు. బయటినుంచి భార్య తలుపు బాది, స్నానం చేస్తున్నారా, ఈత నేర్చుకుంటున్నారా అని అడిగేది.

తనిఖీ అధికారి రానే వచ్చాడు. మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకున్న సన్నటి మనిషి. మేనేజరు ఊళ్లో లేడు. కోడలే అధికారిని గాజు గదిలోకి తెచ్చి కూర్చోబెట్టి, మావగారికి ఒక వాకీటాకీ ఇచ్చి, వచ్చినవాళ్లను లెక్క చూసుకోవడానికి తాను కాలువ గేటుకు వెళ్లిపోయింది. గాలి కాలువ మీదినుంచి రోడ్డు వైపు వీస్తోంది. సైరన్ మోగింది. మావయ్య గొంతు సవరించుకున్నాడు. అట్టముక్క చూడకుండానే అన్నాడు.

"అమ్మోనియా లీకు. లోడింగ్ ప్లాట్‌ఫారం దగ్గర. అందరూ కాలువ గేటుకు నడవండి."

అని మైకు కట్టేశాడు. నాలుగోది గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. అధికారి స్టాప్‌వాచీ నొక్కి, మెచ్చుకోలుగా తలాడించాడు. చేపల గది తలుపు తన వెనకాల మూసుకుపోయినట్టే తోచి మావయ్య కుర్చీలో నిండుగా కూర్చున్నాడు.

బయట ఏం జరిగిందో వినండి. మైకు గరగరమనగానే కూలీలు అలవాటుగా పెట్టెలు దించి వాటి మీదే కూర్చున్నారు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడికి హడావిడి అని పేరు. అంతటి హడావిడీ బండి ఆపి కాళ్లు చాపాడు. మూడు వాక్యాలు వినపడ్డాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. జనం ఆగారు. లీకు గురించి ఎద్దులేమన్నాయో ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూశారు. లౌడ్‌స్పీకరు మీద వాలిన కాకి కూడా మెడ వంచి లోపలికి చూసిందట.

క్యాంటీన్లో అత్తయ్య టీగిన్నె మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి నోట ఒక మాట అయ్యాక ఇంకోటి రాకపోవడం ఆవిడ ఎరగదు. నిద్రలో కూడా ఆయన సగం కథ చెప్పి, మిగతాది పొద్దున లేచాక పూర్తి చేసేవాడు. గుండె అయినా ఆగి ఉండాలి, మెదడైనా చితికి ఉండాలి. మూత పడేసి, ఇంకో చేతిలోని గరిటె పడేయడం మరిచిపోయి, గాజు గది వైపు పరుగెత్తింది. ఆవిడ పరుగు చూసి కూలీలు లేచారు. హడావిడి బండి మీంచి ఎగిరి దూకాడు. కంప్రెసర్ మేస్త్రీ మాత్రం కట్టెయ్యాల్సిన మీటలన్నీ కట్టేసి, గోడకున్న స్ట్రెచరు భుజాన వేసుకుని మరీ వచ్చాడు.

గాజులోంచి మావయ్య చూస్తున్నాడు. కాలువ గేటుకు పోవాల్సిన జనం తన మీదికి ఉప్పెనలా వస్తున్నారు. తలుపు తెరుచుకుంది.

"ఏమండీ, ఎక్కడ నొప్పి?" అంది అత్తయ్య రొప్పుతూ.

చెప్పాల్సింది బోలెడుంది. కానీ పక్కన స్టాప్‌వాచీ టిక్కుటిక్కుమంటోంది. "అమ్మోనియా లీకు" అన్నాడు మావయ్య. "లోడింగ్ ప్లాట్‌ఫారం దగ్గర. అందరూ కాలువ గేటుకు నడవండి."

అత్తయ్య జనం వైపు తిరిగింది. "చూశారా. నన్ను గుర్తుపట్టడంలేదు."

కోడలు ప్రథమ చికిత్స నేర్పినప్పుడు, పక్షవాతమని అనుమానం వస్తే మనిషిని నవ్వమనాలి, చేతులెత్తమనాలి అని చెప్పింది. తక్కిన పాఠమంతా ఏమైందో గాని, ఈ ముక్క అందరికీ గుర్తుంది. హడావిడి మోకాళ్ల మీద కూర్చుని, మావయ్యా ఒకసారి నవ్వు అని బతిమాలాడు. ఒళ్లంతా మండిపోతున్న మనిషిని నవ్వమంటే ఎలాంటి నవ్వు వస్తుంది? మూతి ఒక పక్కకే లేచింది. అంతే, మూతి వంకర పోయిందని గోల. చేతులెత్తమన్నారు. ఒక చెయ్యి ఎత్తి కాలువ గేటు వైపు చూపించాడు. రెండోది లేవలేదని గోల. ఇది డ్రిల్, మీరంతా గేటు దగ్గర ఉండాలి అని అధికారి చెప్పబోతే, ఎవరో మావయ్య చెప్పులు విప్పి, ఇవి కాస్త పట్టుకోండి సారూ అని ఆయన చేతుల్లో పెట్టారు. మర్యాదస్తుడు, పట్టుకున్నాడు.

మావయ్యను స్ట్రెచరు మీద వేసి పట్టీలు బిగించారు. ఇంకా నయం, ఆ వియ్యంకుడొక్కడే ముందు కొస పట్టుకుని, చెవి దగ్గరికి వంగి, "బావగారూ, నిజంగానా?" అని అడిగాడు. ఆ మనిషి ప్రశ్న అడగడమే ఒక వింత. మావయ్యకు ఏడుపొచ్చింది. మూడు వాక్యాలే అన్నాడు.

సరుకు తెచ్చే వ్యాను రోడ్డు గేటు దగ్గర ఉంది. అందులో వేసి ఆసుపత్రికి తీసుకెళదామని ఊరేగింపు కదిలింది. అత్తయ్య ముందు నడుస్తోంది, చేతిలో గరిటె.

ఇక్కడ హడావిడి చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. బండి మీంచి దూకినవాడు బ్రేకు వేయలేదు. ప్లాట్‌ఫారం కాస్త వాలుగా ఉంటుంది. బండికి తొందరేమీ లేదు. పెళ్లిచూపులకు వెళ్లే పిల్లాడిలా సిగ్గుపడుతూ, నిదానంగా దొర్లుతూ వెళ్లి, తన రెండు ఇనప చేతులతో అమ్మోనియా గొట్టం వంపును సున్నితంగా తాకింది. ఆ మాత్రానికే వంపు దగ్గర పగులిచ్చింది. తెల్లటి పొగ నేలబారుగా పాకడం మొదలుపెట్టింది. గాలి దాన్ని రోడ్డు గేటు వైపు తోస్తోంది కనుక ఇటున్నవాళ్లకు వాసన తగల్లేదు. సైరన్ ముందునుంచే మోగుతోంది కనుక కొత్తగా వినాల్సిందీ లేదు.

కాలువ గేటు దగ్గర కోడలు లెక్క చూద్దామంటే తన నీడ తప్ప ఇంకెవరూ లేరు. ఏమైందా అని ఇటు నడిచి వస్తూ ఆ పొగ చూసింది. మావయ్య చొక్కా జేబులో వాకీటాకీ మాట్లాడింది.

"మావయ్యగారూ, ఇది డ్రిల్ కాదు. గొట్టం నిజంగానే పగిలింది. రోడ్డు గేటు వైపు ఎవర్నీ రానివ్వకండి. నాన్నగారు మాస్కులు తీసుకుని రావాలి."

ఆ గోలలో అది ఇద్దరికే వినపడింది. మేస్త్రీ తన కొసను పక్కవాడి చేతికిచ్చి, "మాస్కు" అని ఒక్క మాట అని పరుగెత్తాడు. రోగికి ఆక్సిజన్ తెస్తున్నాడు కాబోలు, ఎంత వియ్యంకుడండీ అని జనం కళ్లు తుడుచుకున్నారు.

మావయ్య తలెత్తి చూశాడు. ముందర ప్లాట్‌ఫారం, దాని పక్కనుంచి తెల్లగా పొగ. ఊరేగింపు సరిగ్గా దాంట్లోకే పోతోంది. "అమ్మోనియా లీకు" అని అరిచాడు. ఊరుకో మావయ్యా, ఆయాసపడకు అన్నారు. మళ్లీ మూడు వాక్యాలు, ఈసారి గొంతు చించుకుని. పాపం ఇంకా అదే కలవరింత అన్నారు. లేవబోతే పట్టీలు. చెప్పులు పట్టుకున్న అధికారి పక్కనే నడుస్తున్నాడు, మెడలో స్టాప్‌వాచీ ఇంకా తిరుగుతూనే ఉంది. నాలుగో వాక్యం అంటే చేపల గదే. నోళ్లు తెరుచుకున్న చేపలన్నీ వరసగా మావయ్య కళ్ల ముందు నిలబడ్డాయి.

వాటికీ పొగకీ మధ్య, గరిటె పట్టుకుని, వెనక్కి చూడకుండా, భార్య నడిచిపోతోంది.

"ఏమే, ఆగు" అన్నాడు మావయ్య. "మా తాత గేదె సంగతి నీకెప్పుడైనా చెప్పానా?"

అత్తయ్య ఠక్కున ఆగింది. వెనక్కి తిరిగింది. "ఏ గేదె?"

"చలి గేదె."

ఊరేగింపంతా ఉన్నచోటే నిలబడిపోయింది. సైరన్ మోత కూడా కాస్త తగ్గినట్టు అనిపించింది. అత్తయ్య దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూసింది. "చెప్పలేదు" అంది. ఆ రెండు ముక్కల్లోనే ఆవిడ ప్రాణం తిరిగొచ్చింది.

"ఇక్కడ చెప్పను. ఇటు గాలి బాలేదు. నన్ను కాలువ గేటుకు తిప్పండి, నడుస్తూ చెబుతా."

తిప్పారు. ఇంత బాగున్న మనిషిని ఎందుకు మోస్తున్నామని ఎవరికీ తట్టలేదు. మావయ్య కూడా గుర్తు చేయలేదు. మొదలుపెట్టాడు. వాళ్ల తాతకో గేదె ఉండేది. అది ఒక ఎండాకాలం ఐసు ఫ్యాక్టరీ కాలవలో దిగి, కడుపునిండా తాగి, అక్కడే రుచి మరిగింది. మర్నాడు పొద్దున తాత పాలు పితికితే చెంబులో చుయ్యిమనలేదు, ఠంగుమంది. చేతికి ఉన్ని తొడుగులు లేకుండా దాని దగ్గరికి పోవడానికి లేకపోయింది. దూడకు పడిశం పట్టి, దాని మెడకు మఫ్లరు కట్టారు. చుట్టుపక్కల చేపలవాళ్లు సంగతి పసిగట్టి, సాయంత్రం మిగిలిన బుట్టలన్నీ తెచ్చి గేదె పొట్ట కింద పెట్టి వెళ్లేవారు. పొద్దున్నే తీసి చూస్తే చేప పట్టినట్టే ఉండేది. "మీరంతా ఈ గిడ్డంగి ఏదో పెద్ద కొత్త అనుకుంటున్నారు. మొట్టమొదటి కోల్డ్ స్టోరేజీ మా తాత గేదె. దానికి కరెంటు కూడా అక్కర్లేదు, గడ్డి చాలు."

అంతలో గాలి ఒక్క క్షణం తడబడింది. వెనకనుంచి చిన్న తెర వచ్చి అందరి ముక్కులకీ తగిలింది. కళ్లు మండాయి. హడావిడి వెనక్కి తిరిగి తన బండి ఎక్కడుందో, ఏం చేసిందో చూశాడు. వాడి మొహం పాలిపోయింది. అందరికీ ఒకేసారి అర్థమైంది. వెనకవాళ్లు ముందువాళ్లను తోసుకుని పరుగందుకోబోయారు. పరుగెత్తితే పడతారు, పడితే తొక్కుతారు. మూడో వాక్యం చివర నడవండి అన్న మాట ఊరికే లేదు.

"పరుగెత్తినవాడికి గేదె ఈనిన సంగతి చెప్పను" అన్నాడు మావయ్య.

నడిచారు.

గేటు దగ్గర స్ట్రెచరు దించారు. చుట్టూ మూగారు. తడిగుడ్డలు ముక్కులకు కట్టుకుని కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకుని లెక్క సరిపెట్టుకున్నారు. ఇద్దరే లేరు. మావయ్య కోడలు, మావయ్య వియ్యంకుడు.

వాళ్లెక్కడున్నారో ఆయనకు తెలుసు. మాస్కులు వేసుకుని ఆ పొగలో వంగి, గొట్టం వెనకాల పెద్ద వాల్వు తిప్పుతూ ఉంటారు. మంచు పట్టి బిగుసుకుపోయిన వాల్వు అది. కథ ఆపితే హడావిడి లేచి అటు పరుగెత్తుతాడు. తప్పు తనది కదా, ఊరుకోడు. వాడి వెనక ఇంకో నలుగురు. మాస్కులేమో ఇంకా ఉంటేగా. అందుకని మావయ్య చెప్పుకుంటూ పోయాడు. గేదె చల్లటి దూడను ఈనింది, దాన్ని ఎత్తుకున్నవాళ్ల జ్వరాలు తగ్గిపోయాయి, డాక్టరు వచ్చి తాతతో పోట్లాడాడు, తన దగ్గరికి రోగులు రావడంలేదని. జనం నవ్వుతున్నారు. మావయ్య కళ్లు మాత్రం వాళ్ల తలల మీదుగా ఆ పొగ దగ్గరే ఉన్నాయి. గొంతు ఎక్కడా జారలేదు. చెయ్యి స్ట్రెచరు పట్టీని మెలిపెడుతోంది. అత్తయ్య అది చూసింది. ఆయన చూపు ఎటుందో అటు చూసి, పట్టీలు విప్పి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఊఁ" అంది. "తర్వాత?"

తర్వాత డాక్టరు అదే గేదెను అద్దెకడిగాడు. అద్దె కుదిరేలోపు పొగ పల్చబడింది. ఇంకాస్త పల్చబడింది. అందులోంచి రెండు మాస్కులు నడిచివచ్చాయి. చిన్న మాస్కు చెయ్యెత్తి ఊపింది. మావయ్య మాట మధ్యలో ఆగిపోయాడు. జనం ఎవరూ తర్వాతేమైందని అడగలేదు.

కోడలు మాస్కు తీస్తే మొహం మీద దాని అంచు ఎర్రగా అచ్చు పడింది. వచ్చి ఒక్కొక్కరి కళ్లూ చూసింది, దగ్గు ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టింది. ప్రమాదం తీరిందని గట్టిగా అందరికీ చెప్పాకనే అధికారి వైపు తిరిగింది. ఆయన చెప్పులు మావయ్యకు తిరిగిచ్చి, స్టాప్‌వాచీ ఆపి, తాను చూసింది చూసినట్టు చెప్పాడు. డ్రిల్ పూర్తిగా ఫెయిలైంది. నిజం ప్రమాదంలోంచి మాత్రం అందరూ గట్టెక్కారు. ఇలాంటిది ఏ లెక్కలో వేయాలో తనకు తెలియడంలేదు, అది సేఫ్టీ ఆఫీసరే తేల్చాలి.

మావయ్య స్ట్రెచరు మీదే కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. కోడలు వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"మైకు నాన్నగారికి ఇస్తున్నాను మావయ్యగారూ."

ఆయన చెప్పు పట్టీ పెడుతూనే ఉన్నాడు. అది ఎంతకీ పడటంలేదు. "నాలుగో వాక్యం అన్నానమ్మా" అన్నాడు. "అది నిజమే."

"అందుక్కాదు. ఆయన మూడు మాటలంటే జనం కదులుతారు. మీరు మూడంటే శవయాత్ర కట్టారు. అట్టముక్క రాసినప్పుడు అది నాకు తట్టలేదు. కానీ గేటు దాకా వచ్చినవాళ్లు అక్కడ నిలబడరు మావయ్యగారూ. నేను పనిచేసిన చోటల్లా అదే గొడవ. ఒకడు సెల్‌ఫోన్ మరిచిపోయానని లోపలికి పోతాడు, ఒకడు చోద్యం చూడ్డానికి పోతాడు. చచ్చేది వాళ్లే. ఇవాళ ఒక్కడూ కదల్లేదు. ఇకనుంచి సైరన్ మోగితే మీరు మైకు దగ్గర కాదు, గేటు దగ్గర ఉండాలి. నేను చాలనేదాకా చెబుతూ ఉండాలి."

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో కూడా గేటే. వచ్చేపోయే లారీలు చూసుకుంటూ."

లారీ డ్రైవర్లకు ఇది తెలిస్తే ఏమంటారో అని అత్తయ్య గొణిగింది.

మావయ్య వెంటనే ఒప్పుకోలేదు. మైకు మైకే. లౌడ్‌స్పీకర్లన్నీ తన గొంతుతో నిండి, గిడ్డంగి మూలమూలకీ పోవడం ఒక దర్జా. గేటు దగ్గర గొంతు ఎంతదాకా పోతుంది? ఆ సాయంత్రమంతా అలిగి, ఇంట్లో కూడా మూడేసి వాక్యాలే మాట్లాడాడు. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుందని భార్య వాపోయింది. మర్నాడు రోడ్డు గేటుకు వెళ్లి కూర్చున్నాడు. మొదటి లారీవాడు వచ్చి, దారి ఎటని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. వాడి వెనకాల లారీల బారు మలుపు దాటిపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ డ్రిల్ పెట్టారు. లౌడ్‌స్పీకర్లలో ముక్తసరి మేస్త్రీ గొంతు వినపడింది.

"లీకు. ప్లాట్‌ఫారం. కాలువ గేటు."

జనం బరువులు దించి, హడావిడి బ్రేకు వేసి ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని, అందరూ నేరుగా కాలువ గేటుకు నడిచారు. ముందుగా చేరినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. మావయ్య అప్పటికే ఒక ఎత్తైన రాయి చూసుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి వాళ్ల ముత్తాత గొడుగు సంగతి. తుపాను గాలికి ఆ గొడుగు ముత్తాతతో సహా లేచి, పొరుగూళ్లో ఎవరింటి పైకప్పు మీదో దిగితే, ఆ ఇంటివాళ్లు పైనుంచి వచ్చిన అల్లుడని చెప్పి పిల్లనిస్తామన్నారు. ముత్తాతకేమో అప్పటికే పెళ్లయింది. అదే చెప్పబోతున్నాడు, గొడుగు మళ్లీ లేచింది.

కోడలు లెక్క చూసింది. ఒక్కరూ తగ్గలేదు. మైకు దగ్గర ఉండాలి కనుక ఆవిడ తండ్రి ఒక్కడే గాజు గదిలో ఉండిపోయాడు.

సరిగ్గా గొడుగు లేచినచోట మావయ్య నడుముకున్న వాకీటాకీ గరగరమంది. అత్యవసరమైతే తప్ప దాంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఆ నియమం రాసింది కోడలే, గోడకు అంటించింది ఆవిడ తండ్రే. జనం ఊపిరి బిగబట్టారు.

"బావగారూ" అంది ముక్తసరి మేస్త్రీ గొంతు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆయన మాట కూడదీసుకుంటున్నాడని అందరికీ తెలుసు. "ఇక్కడికి సగమే వినపడుతోంది. మీ ముత్తాత దిగాడా, లేదా?"

మావయ్య వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, మీట నొక్కకుండా, కోడలి వైపు చూశాడు. ఆవిడ మొహం ముడుచుకుంది. ఏదో అనబోయింది. ఉన్నట్టుండి గాలి ఎటు వీస్తోందో చూడటం చాలా అవసరమని తోచినట్టు, వీపు ఇటు పెట్టి, తలెత్తి గుడ్డసంచి వైపే చూస్తూ నిలబడింది.

మావయ్య మీట నొక్కాడు.

"ఎక్కడ దిగుతాడు బావగారూ" అన్నాడు. "మీరు కుర్చీ కాస్త ముందుకు లాక్కోండి, చెబుతాను."